మా అక్కకు నేను తాతను

శ్రావణ శుద్ధ దశమి

నా పేరు గవర్రాజు. నాకు డెబ్బై ఆరేళ్ళు. మా అక్క వరహాలమ్మకు డెబ్బై తొమ్మిది. ఉప్పుమెట్టలో ఈ మూడు వాక్యాలు పైకి చదివితే తల్లులు పిల్లల చెవులు మూస్తారు. ఇక్కడ పుట్టిన సంవత్సరం అడగడం బూతు, చెప్పడం అంతకన్నా బూతు. ఆ బూతుతోనే మొదలుపెడుతున్నాను. ఎవరి పేరూ దాచను. తిథులు వేసి రాస్తున్నాను, ఎందుకంటే చంద్రుడికి పొడి తాగించడం ఒక్కటే ఈ ఊరి కౌన్సిల్‌కు ఇంకా చేతకాలేదు.

ఇవాళ పొద్దున బిందె పట్టుకుని మెట్లెక్కి పంపిణీ కేంద్రం దగ్గర వరసలో నిలబడ్డాను. తాగే నీళ్ళు అక్కడే, పొడీ అక్కడే. మనిషికో గ్లాసు నీళ్ళలో పెప్టైడ్ పొడి కలిపి ఇస్తారు. నారింజ రంగు విటమిన్ బిళ్ళ అరచేతిలో పెడతారు. వాళ్ళ ముందే మింగి, నోరు తెరిచి చూపిస్తే అప్పుడు బిందె నింపుతారు. ముందున్న వాళ్ళందరూ పాతికేళ్ళ, ముప్ఫై ఏళ్ళ ముఖాలు. బిందె ఎత్తేటప్పుడు మాత్రం ఒక్కొక్కరూ మోకాలి మీద చెయ్యి ఆన్చి "అమ్మా" అంటూ లేస్తారు. నేను నలభై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. ముఖం చూసి మోసపోతానేమో గాని, మోకాలు చూసి మోసపోను.

నా వంతు దగ్గరపడింది. లోపలున్నవాడు ఊరంతా వినేలా అరిచాడు. "తాతగారికి ఉత్త నీళ్ళు!"

వరసలో మర్యాదగా నవ్వుకున్నారు. నా ముందు మా అక్క ఉంది. చర్మం చదివే మీటరు ఆమెకు ముప్ఫై నాలుగు ఇచ్చింది. కొత్త పేరు వర్ణిక. ఇక్కడ వరసలు మీటరును బట్టి పిలవాలి. కాబట్టి నేను ఆమెను "అమ్మాయ్" అనాలి, ఆమె నన్ను "తాతగారూ" అనాలి. అమ్మ పోయిన ఏడు వరద వస్తే నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని పీకల్లోతు నీళ్ళలో నడిచిన మనిషి, ఇవాళ పదిమంది ముందు తల వంచి అంది.

"తాతగారూ, ముందుకు రండి. మీరు నిలబడలేరు."

నాకు ఒళ్ళు మండింది. ముందుకు వెళ్ళాను. పక్కనుంచి తప్పుకుంటూ ఆమె పెదవులు కదపకుండా, నాకు మాత్రమే వినిపించేలా అంది.

"ఒరేయ్, నా కళ్ళకేదో అయిందిరా. అన్నీ పసుపు రంగులో కనబడుతున్నాయి. నీ తెల్ల చొక్కా పసుపు నీళ్ళల్లో ముంచి తీసినట్టుంది."

శ్రావణ శుద్ధ ద్వాదశి

నీళ్ళ వంకతో పైకెక్కి అక్క ఇంటికి వెళ్ళాను. ఆమె పైవాడలో ఉంటుంది. సముద్రం పాత ఊరిని మింగాక జనం ఈ కొండ మీదకు ఎక్కారు. మీటరు నలభై లోపు ఉంటే పైవాడ, గాలీ వెలుతురూ. అరవై దాటితే దిగువాడ. అక్కడ పోటు వచ్చినప్పుడల్లా సముద్రం గడప దాటి లోపలికొచ్చి కూర్చుంటుంది. నేను ఉండేది దిగువాడలో. నాతోబాటు ఇంకో నలుగురు ఉంటారు, అందరం పొడి తాగనివాళ్ళం.

అక్క మంచం మీద పడుకుని ఉంది. వంటింట్లో పొయ్యి వెలిగించలేదు.

"తిన్నావా?"

"ఏం తినమంటావ్? అన్నం వాసనకే వాంతొస్తంది. దీపం చుట్టూ పసుపు వలయాలు కనపడతన్నాయి. పిల్లలకి అక్షరాలు దిద్దిస్తంటే పలక కూడా పచ్చబడి పోతంది."

అక్క శిశువుల బడిలో పంతులమ్మ. అరవై ఏళ్ళుగా ఆ పనే. చేయి పట్టుకుని నాడి చూశాను. చాలా నెమ్మదిగా, మధ్యలో ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ కొట్టుకుంటోంది. ఏ మందులు వాడుతున్నావని అడిగాను. గుండె దడకు ఆసుపత్రిలో ఇచ్చిన మాత్ర చూపించింది.

నేను చదివిన పాత వైద్య గ్రంథాల్లో ఈ మాత్ర గురించి ఒక అధ్యాయమే ఉంది. మోతాదు సరిపోతే ప్రాణం నిలబెడుతుంది. కొంచెం ఎక్కువైతే వాంతులు, పసుపు చూపు, నాడి మందగించడం, ఆ తరవాత గుండె ఆగిపోవడం. ఒంట్లోంచి దాన్ని బయటికి పంపే పని మూత్రపిండాలది. వయసు మీదపడ్డ మూత్రపిండం ఆ పని నిదానంగా చేస్తుంది. అందుకే ముసలివాళ్ళకు ఈ మాత్ర బాగా తగ్గించి ఇచ్చేవారు. అక్కకు ముప్ఫై నాలుగేళ్ళ మనిషి మోతాదు ఇస్తున్నారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా రాయాలి. విటమిన్‌తో నాకు పేచీ లేదు. చిన్నప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం కారితే ఉసిరికాయలు తిని బాగుపడ్డవాణ్ణి. పెప్టైడ్‌తోనూ పేచీ లేదు. అదొక చిన్న ప్రొటీన్ ముక్క. చర్మం దగ్గరికి వెళ్ళి, నీకు గాయమైంది, కొత్త కొల్లాజెన్ అల్లుకో అని అబద్ధం చెబుతుంది. చర్మం నమ్మి అల్లుకుంటుంది. ఆ అబద్ధం మూత్రపిండం దాకా పోదు. అంతవరకూ అది ఒక సోకు, ఎవరి ఇష్టం వాళ్ళది. కాని చర్మం నమ్మిన అబద్ధాన్ని ఆసుపత్రి కూడా నమ్మింది చూశారూ, అక్కడ నాకు పేచీ.

"అక్కా, రక్తం తీయించుకోవాలి. నీ మూత్రపిండాల సంగతి తేలాలి. మాత్ర ఆపాలి."

"నలభై లోపు వాళ్ళకి రక్తం తియ్యర్రా. సూది మచ్చ పడితే మీటరు పెరుగుద్దని రూలు."

"నీకు నలభై లోపా?"

అక్క కిటికీ వైపు తిరిగింది. "నాకు డెబ్బై తొమ్మిదని చెప్పిన రోజున బడి గుమ్మం తొక్కనివ్వరు. ముసలి ముఖం చూస్తే పిల్లలు జడుసుకుంటారంట. నన్ను ఆ పిల్లల మధ్య పోనియ్యి. ఇంకేం అడగను."

"పోవడం అంటే చావడం."

"నాకు తెలీదేంట్రా. అక్షరాలు నేర్పేదాన్ని."

శ్రావణ పౌర్ణమి

అక్క చెప్పకపోతే చెప్పగలిగేవాడు ఈ ఊళ్ళో ఇంకొక్కడే ఉన్నాడు. నిగారింపు కమిటీ అధ్యక్షుడు ఎర్రంశెట్టి చలపతి. మీటరు ఇరవై ఎనిమిది. నాతో ఒకే బెంచీ మీద ఒకటో తరగతి నుంచి చదివాడు. మా పెరట్లో జామకాయలు దొంగిలించి అక్క చేతిలో ఎడమ చెవి మెలిపెట్టించుకున్నాడు. ముడతల ముఖాలు విద్యార్థుల మనోధైర్యాన్ని దెబ్బతీస్తాయని తీర్మానం రాసి నన్ను కాలేజీ నుంచి పంపించింది కూడా వాడే. పొడి మొదలుపెడితే మళ్ళీ తీసుకుంటామని కబురు చేశాడు. నేను కబురు తెచ్చినవాడికి మంచినీళ్ళిచ్చి పంపించాను.

పుట్టుక రికార్డులు పాత ఊరితోపాటు మునిగాయి. కొత్తగా రాయించండని నేను మొత్తుకుంటే, మీటరు ఉండగా తేదీలెందుకని కొట్టిపారేసిందీ వాడే. ఇప్పుడు అక్క వయసుకు రుజువు మనుషుల జ్ఞాపకం తప్ప మరేమీ లేదు. ఆ జ్ఞాపకం చలపతి దగ్గరుంది.

కేంద్రం వెనక గదిలో కూర్చుని ముఖానికి ఏదో లేపనం రాసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. రూలు ప్రకారం చిన్నవాడు లేవాలి కదా.

"రండి తాతగారూ, కూర్చోండి."

"చలపతీ, తలుపేసి ఉంది. ఆ తాతగారిని అవతల పెట్టు. అక్కకి ప్రాణం మీదకొచ్చింది." విషయమంతా చెప్పాను. "ఆవిడ నీకంటే పెద్దదని ఆసుపత్రిలో ఒక్క మాట చెప్పు."

వాడు వేలితో నుదుటి మీద లేపనం సర్దుకున్నాడు.

"ఆవిడ నాకన్నా పెద్దదని చెప్పాలంటే ముందు నాకెన్నేళ్ళో చెప్పాలి కదా."

"చెప్పు."

"నాకు ఇరవై ఎనిమిది."

"సిగ్గులేదుట్రా? ఆవిడ పెరటి జామకాయలు తిన్నావు."

"ఏ జామకాయలండీ? ఈ కొండ మీద జామచెట్టే లేదు." ఆ తరవాత గొంతు తగ్గించాడు. "గవర్రాజూ, చూడు. ఒక్కరి లెక్క తప్పని తేలితే ఊరందరి లెక్కా తియ్యాలి. పైవాడలో ఎవరుంటారు? నువ్వు చదువుకున్నోడివి. జనం సంతోషంగా ఉన్నారు. నువ్వొక్కడివే ఏడుస్తున్నావు."

"జనం మోకాళ్ళు పట్టుకుని సంతోషంగా ఉన్నారు."

"అదే, ఆ వెటకారమే. అందుకే నీకు ఉద్యోగం పోయింది."

వాడి ముఖంలో ఒక్క గీత లేదు. భయపడినా, అబద్ధమాడినా, సిగ్గుపడినా ముడత పడని ముఖం అది. లోపలేం జరుగుతోందో కనిపెట్టడానికి ఒక్క దారి లేకుండా పూడ్చేసుకున్నాడు. లేచి వచ్చేశాను. వెనకనుంచి, తలుపు తీశాక, అందరికీ వినపడేలా అన్నాడు. "జాగ్రత్తగా దిగండి తాతగారూ, మెట్లు పాకుడు పట్టి ఉన్నాయి."

శ్రావణ బహుళ తదియ

అక్క బడిలో పడిపోయింది. పిల్లలు ఏడుస్తుంటే ఆయా చూసి ఆసుపత్రికి మోయించింది. నాకు కబురు చేసినవాళ్ళు లేరు. నేనేమవుతానని చేస్తారు? నీళ్ళ వరసలో జనం చెప్పుకుంటుంటే విన్నాను.

వార్డు డాక్టరు పేరు సుహిత. మీటరు పాతిక. మంచం పక్కన వంగి, ఎక్కడా చెయ్యి ఆన్చకుండా చటుక్కున లేచింది. అంటే నిజంగానే చిన్నపిల్ల. ఈ ఊళ్ళో అలాంటివాళ్ళను చూస్తే నాకు కొంచెం ఊపిరాడుతుంది.

"పేషెంట్‌కి మీరేమవుతారు తాతగారూ?"

"తమ్ముణ్ణి."

పక్కనున్న నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆగలేకపోయింది. "ఆయ్! ఈవిడ మీకు అక్క. అయితే నేను మీ అమ్మమ్మనండి."

మంచాల మీద రోగులు కూడా నవ్వారు. నేను డాక్టరుతో మాత్రమే మాట్లాడాను. నాడి సంగతి, పసుపు చూపు సంగతి, మాత్ర సంగతి చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది, అది ఒప్పుకోవాలి. తరవాత అక్క ముంజేతిని మీటరు మీద పెట్టింది. ముప్ఫై నాలుగు అని వచ్చింది. దాని పక్కన మోతాదు కూడా అదే లెక్కగట్టి చూపించింది.

"మోతాదు సరిగ్గానే ఉందండీ. గుండె లయ తప్పుతోంది కాబట్టి ఇంకొంచెం పెంచమంటోంది."

"పెంచితే పోతుంది."

"మీరు డాక్టరా?"

"కాదు. ఆవిడ పుట్టిన మూడేళ్ళకు పుట్టినవాణ్ణి. ఆ చదువు మీ దగ్గర లేదు."

ఆమె ముఖం ఎర్రబడింది. కోపం వచ్చిందనుకున్నాను. కాని ఆమె అక్క వైపు వంగి, నెమ్మదిగా అడిగింది. "వర్ణిక గారూ, ఒక్క మాట చెప్పండి. మీ నోటితో చెబితే మీటరు పక్కన పెట్టే అధికారం నాకుంది. ఈయన మీ తమ్ముడా?"

అక్క నా వైపు చూడలేదు. పైకప్పు వైపు చూస్తూ, పొడిబారిన నాలుకతో, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చెప్పింది.

"దిగువాడ తాతగారండీ. ఒంటరి మనిషి. పాపం, మతి స్థిమితం లేదు."

నర్సు నన్ను మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. చాలా మర్యాదగా నడిపించింది. ఈ ఊరి మర్యాదను మించిన క్రౌర్యం నేను ఏ చరిత్ర పుస్తకంలోనూ చదవలేదు. ఆమెను చంపుతున్నది మాత్ర ఒక్కటే కాదు. ముసలితనం అనేది ఒక నేరమని ఆమె చేతనే ఒప్పించారు. నేరం ఒప్పుకోవడం కన్నా చావడం పరువుగా ఉంటుందని ఆ పిల్లల బడి గుమ్మం మీద రాసిపెట్టారు. దీనికి బాధ్యులైనవాళ్ళంతా రోజూ పొద్దున్నే గ్లాసు నీళ్ళు తాగి నోరు తెరిచి చూపిస్తారు.

శ్రావణ బహుళ పంచమి

రోగులను చూడనిచ్చే వేళకు వెళ్ళాను. నిన్నటి నుంచి మోతాదు పెంచారు. అక్క కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. చర్మం మాత్రం మెరుస్తోంది. నిగారింపు కమిటీ వాళ్ళు ఫోటో తీసుకుని గోడకు అంటించుకోవచ్చు.

డాక్టరు పక్క మంచం దగ్గర ఉంది. నాకు మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు. వాదించి వాదించి నోరు ఎండిపోయింది. ఆవిడ పోయేలోగా దండం పెట్టుకుని వెళ్ళిపోదామనుకున్నాను. మంచం చివరికి వెళ్ళి, దుప్పటి తొలగించి, ఆమె పాదాల మీద తల పెట్టాను.

వార్డు గొల్లుమంది.

"అయ్యయ్యో! పెద్దాయన చిన్నపిల్ల కాళ్ళ మీద పడ్డమేంటండీ! ఆ పిల్లకి ఆయుక్షీణం!"

"లేపండి, లేపండి! పాపం తగుల్తాది!"

నర్సు పరుగెత్తుకొచ్చి నా భుజాలు పట్టుకుని లాగింది. పక్క మంచం మీద ఆమె లెంపలు వేసుకుంటోంది. పెద్దవాడు కాళ్ళకు దండం పెడితే ఏ చిన్నవాళ్ళయినా ఏం చేస్తారు? నిప్పు తాకినట్టు కాళ్ళు వెనక్కి లాక్కుంటారు. స్పృహ లేకపోయినా లాక్కుంటారు. అది చర్మానికి అంటుకున్న అలవాటు కాదు, ఎముకలోది.

అక్క కాళ్ళు కదల్లేదు. దుప్పటి కింద నుంచి ఆమె చెయ్యి పైకొచ్చింది. గాలిలో తడుముకుంది. నేను తల ఎత్తి కొంచెం ముందుకు జరిగాను. ఆ చెయ్యి నా బట్టతల మీద ఆనింది. కళ్ళు తెరవకుండానే అంది.

"చల్లగా ఉండరా చిన్నోడా. నిండు నూరేళ్ళు బతుకు. ఏడవకు. అమ్మ లేకపోతే ఏం, నేన్లేనూ?"

నర్సు చేతులు నా భుజాల మీదే ఆగిపోయాయి. డాక్టరు సుహిత అక్క చేతినే చూస్తోంది. ఆశీర్వదించిన చెయ్యి ఇంకా నా తల మీదే ఉంది, దాన్ని ఎప్పుడు తీయాలో తనకు తెలుసన్నట్టు నింపాదిగా ఉంది. ముప్ఫై నాలుగేళ్ళ మనిషికి ఆ నింపాది రాదు.

"సిస్టర్," అంది డాక్టరు. "రక్తం తీయండి."

"డాక్టరు గారూ, మచ్చ పడిపోద్దండి. మీటరు పెరుగుద్ది. కమిటీ వాళ్ళు..."

"పడనీ. ఆ మాత్ర కూడా ఆపేయండి."

శ్రావణ బహుళ ఏకాదశి

అక్క బతికింది. రక్తం చెప్పిన సంగతి నేను ద్వాదశి నాడే చెప్పాను కాబట్టి మళ్ళీ రాయను. మాత్ర ఒంట్లోంచి పోయేకొద్దీ నాడి తేరుకుంది. ఒక పూట మంచం మీద లేచి కూర్చుని, గోడ తెల్లగా ఉందని చెప్పిందట. నాతో చెప్పలేదు, నర్సుతో చెప్పింది.

చలపతి స్వయంగా ఆసుపత్రికి వచ్చాడు. పళ్ళు తెచ్చాడు. "రక్తం తీసిన మనిషి నలభై లోపు కింద లెక్కకి రాదండీ. రూలు అది, నా చేతుల్లో ఏముంది?" అన్నాడు. పైవాడ ఇల్లు పోయింది. బడి పోయింది. పేరు కూడా పోయింది. ఆ పేరు పోయినందుకు మాత్రం నాకు విచారం లేదు.

అక్కను నా ఇంటికి తీసుకొచ్చాను. దిగువాడలో మెట్లు దిగుతుంటే నా భుజం పట్టుకుంది గాని మాట్లాడలేదు. వంట చేస్తే తింటుంది. మందు ఇస్తే వేసుకుంటుంది. మాట లేదు. పోటు వచ్చి నీళ్ళు గడప దాటినప్పుడు కాళ్ళు మంచం మీదకు ముడుచుకుని, బడి ఉండే వైపు తిరిగి కూర్చుంటుంది. గాలి అటునుంచి వీస్తే పిల్లలు గుణింతాలు వల్లించడం వినిపిస్తుంది. కొత్తగా వేసిన పంతులమ్మ "ఋ" దాటవేసి చెబుతోంది. అక్క పెదవులు బిగించి వింటుంది.

నేను చేసింది తప్పని నాకు అనిపించలేదు. ఆమె కోపంలో తప్పుందని కూడా అనలేను. ఒక మనిషి ప్రాణం కాపాడి, ఆ ప్రాణం దేనికోసం ఉందో దాన్ని ఊరివాళ్ళు లాక్కుంటుంటే పక్కన నిలబడి చూశాను. నిలబడకుండా ఏం చెయ్యాలో నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

శ్రావణ బహుళ త్రయోదశి

పొద్దున డాక్టరు సుహిత దిగువాడకు వచ్చింది. పైవాడ మనిషి ఇక్కడికి దిగడం నేనెప్పుడూ చూడలేదు. సందులో నీళ్ళు నిలిచి ఉన్నాయి. చెప్పులు చేత్తో పట్టుకుని, పరికిణీ ఎత్తిపట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"రండి డాక్టరు గారూ. ఏం, మా అక్కకేమైనా..."

"ఆవిడ బాగానే ఉన్నారండి. నేను నా పని మీద వచ్చాను." అక్క మంచం దగ్గరికి వెళ్ళి కూర్చుంది. "మామ్మగారూ, మా అమ్మకి కూడా గుండె దడ. అదే మాత్ర. నేనే రాశాను."

అక్క ఆమె వైపు చూసింది.

"మోతాదెంత రాశావు?"

ఇంటికొచ్చాక అక్క నోటివెంట వచ్చిన మొదటి మాట అది.

"మీటరు ముప్ఫై ఒకటండి. దాన్ని బట్టి రాశాను. నిన్నట్నుంచి అన్నం సయించడం లేదంటోంది."

"నీకెన్నేళ్ళమ్మా?"

"మీటరు పాతికండి. నిజంగా ఇరవై ఏడు."

"అయితే మీ అమ్మ నాలుగేళ్ళప్పుడు నిన్ను కనేసిందన్నమాట. గట్టి పిండమే."

డాక్టరు నవ్వబోయి ఏడ్చేసింది. "నాకు తెలీదండి. ఎప్పుడూ అడగలేదు. అడగకూడదు కదా. ఇంట్లో అక్కా అని పిలుస్తాను, అలాగే అలవాటు చేసింది. అసలు పేరు కూడా నాకు తెలీదు. నిన్న అడిగితే తలుపేసుకుంది."

"ఏసుకుంటుంది. నేనూ ఏసుకున్నాను." అక్క దుప్పటి పక్కన పెట్టింది. "మాత్ర ఆపావా?"

"నేను ఇవ్వకపోయినా తనే వేసుకుంటుందండి. వేసుకోకపోతే ముసలిదాన్నని ఒప్పుకున్నట్టేనంట."

అక్క మోకాలి మీద చెయ్యి ఆన్చి, "అమ్మా" అని లేచింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. పొడి ఆగిపోయి ఎన్నో రోజులు కాలేదు, ముఖం ఇంకా నునుపుగానే ఉంది. కళ్ళ కింద మాత్రం సన్నగా ఏదో మొదలైంది.

"పద. నేనొచ్చి మాట్లాడతాను. నీ మాట వినదు గాని నా మాట వింటుంది. తలుపవతల నుంచైనా వింటుంది."

"అక్కా, నేనూ వస్తాను," అన్నాను.

"నువ్వు రాకు. నువ్వొస్తే సగం దూరం వెళ్ళేసరికి నలుగురితో దెబ్బలాట పెట్టుకుంటావు."

అయినా వెళ్ళాను, కొంచెం వెనకగా. మెట్ల పైన పంపిణీ కేంద్రం ముందు వరస నిలబడి ఉంది. గ్లాసులు, బిందెలు, పాతికేళ్ళ ముఖాలు. దిగువాడ మనిషి నీళ్ళకూ ఆసుపత్రికీ తప్ప పైకి రాకూడదు. అక్క చేతిలో బిందె లేదు. చలపతి కేంద్రం గుమ్మంలోంచి గబగబా వచ్చి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"వర్ణిక గారూ... అదే, మీరు... ఎక్కడికండీ? నీళ్ళయితే వరసలో నిలబడాలి."

అక్క ఆగింది. ఊపిరి తీసుకోవడానికి ఆగింది, వాడి కోసం కాదు. బడిలో వెనక బెంచీ దాకా వినిపించాల్సినప్పుడు వాడే గొంతుతో అంది.

"ఒరేయ్ చలపతీ, నాకు డెబ్బై తొమ్మిదేళ్ళు. మెట్లెక్కి ఆయాసమొస్తంది. దారి ఇయ్యి."

వరసలో ఒక గ్లాసు కింద పడింది. ఒకావిడ పక్కనున్న పిల్ల చెవులు మూసింది. ఎవరూ నవ్వలేదు. అందరూ చలపతి వైపే చూస్తున్నారు. వాడి నునుపైన ముఖం మీద ఏమీ కదల్లేదు. చెయ్యి మాత్రం దానంతటదే లేచి, ఎడమ చెవిని కప్పుకుంది. పక్కకు జరిగాడు.

"అలాగేనక్కా," అన్నాడు.